పంచాయతికి స్మార్ట్ టెలివిజను: ఎంపిక, పరీక్ష, సంరక్షణ

ఒకప్పుడు గ్రామచావడిలో పంచాయతి రేడియో మ్రోగుచుండగా రైతులు అరుగులపై కూర్చుండి వాతావరణ సూచనలను, బజారు ధరలను వినుచుండెడివారు. పిమ్మట 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు ఏటీఎస్-6 అను ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములందలి సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారమైనవి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నేడు పంచాయతి కార్యాలయమునకో, పాఠశాలకో, గ్రంథాలయమునకో స్మార్ట్ టెలివిజను కొనవలెనను తీర్మానము సభ్యుల యెదుటకు వచ్చుట సహజము.

అట్టి తీర్మానముపై సంతకము చేయుటకు ముందు సభ్యులు తెలిసికొనదగిన విషయములను ఇచట వివరింతుము. వ్యయమగునది ప్రజల సొమ్ము. తక్కువ ధరకు వచ్చినదని కొన్న పెట్టె రెండేండ్లలో మూలపడినచో అది చౌకబేరము కానేరదు. దుకాణములో కన్నులు మిరుమిట్లు గొల్పినదెల్ల గ్రామములో అక్కరకు వచ్చునని నమ్మరాదు. దుకాణదారుడు పెట్టెను మిక్కిలి ప్రకాశవంతమైన అమరికలో నుంచి, అందుకొరకే తయారైన రంగుల చిత్రమును ప్రదర్శించును. మన గదిలో, మన విద్యుత్తుతో, మన ఇంటర్నెట్టుతో ఆ పెట్టె ఎట్లు పనిచేయుననునదే సరియైన పరీక్ష.

ఒక పెట్టెలో రెండు యంత్రములు

స్మార్ట్ టెలివిజనులో రెండు యంత్రములు కలిసియున్నవి. ఒకటి బొమ్మను చూపు తెర. రెండవది తెర వెనుక దాగిన చిన్న కంప్యూటరు. ఇంటర్నెట్టు నుండి పాఠములను, వార్తలను తెచ్చునది ఈ రెండవదే. తెర సామాన్యముగా పెక్కేండ్లు పనిచేయును. కంప్యూటరు భాగము అంతకంటె ముందుగనే పాతబడును. యాప్‌లు క్రొత్త రూపములు దాల్చినకొలది ఎక్కువ శక్తిని కోరును. పాత కంప్యూటరు ఆ భారమును మోయలేక మందగించును. కావున ఈ రెంటిని వేర్వేరుగా పరీక్షింపవలెను.

చివరి వరుసవారికి కనబడునా?

మొదట కొలువవలసినది టెలివిజనును కాదు, గదిని. తెర కొలతను ఒక మూల నుండి ఎదుటి మూలకు చెప్పుదురు. 43 అంగుళముల తెర ఎత్తు సుమారు 53 సెంటీమీటర్లు. 55 అంగుళముల తెర ఎత్తు 68. 65 అంగుళముల తెర ఎత్తు 81. తెరపై అక్షరములను చదువవలసినచో చివరి వరుస తెర ఎత్తునకు ఆరు రెట్లకు మించిన దూరమున ఉండరాదని సభామందిరములలో తెరల నమర్చువారు పాటించు లెక్క. ఆ లెక్కన 43 అంగుళముల తెర 10 అడుగుల దూరమునకు, 55 అంగుళములది 13 అడుగులకు, 65 అంగుళములది 16 అడుగులకు చాలును.

గ్రామసభలో జమాఖర్చుల పట్టికను చూపదలచి, 20 అడుగుల గదిలో 43 అంగుళముల పెట్టె నుంచినచో ముందువారు చదువుదురు; వెనుకవారు చదివినట్లు తల యూపుదురు. లెక్కలు అందరికిని కనబడుటయే గ్రామసభ ఉద్దేశము గదా!

అమ్మువారు మిక్కిలిగా చెప్పు మాట 4కే. ఫుల్ హెచ్‌డీ తెరపై అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుండును. 4కే తెరపై 3,840, 2,160 చుక్కలుండును; అనగా నాలుగు రెట్లు. అయినను 43 అంగుళముల తెరను 10 అడుగుల దూరము నుండి చూచు వానికి ఈ భేదము కంటికి ఆనదు. కావున చుక్కల సంఖ్యను హెచ్చించుటకంటె తెర పరిమాణమును హెచ్చించుట మేలు.

ప్రక్కల కూర్చుండువారిని మరువరాదు. పెక్కు సభలలో స్త్రీలు ఒక ప్రక్కగా కూర్చుండుట వాడుక. వీఏ అను జాతి తెరలు ఎదుటివారికి గాఢమైన నలుపును చూపును గాని, ప్రక్కనుండి చూచినపుడు రంగులు వెలవెలబోవును. ఐపీఎస్ అను జాతి తెరలు ప్రక్కవారికిని చక్కగా కనబడును. సమావేశపు గదికి ఈ రెండవదే అనుకూలము. పగటి వెలుగు ధారాళముగా వచ్చు గదిలో తెర ప్రకాశమును కూడ విచారింపవలెను. దానిని నిట్స్ అను కొలతతో చెప్పుదురు. కిటికీ ఎదుట తెర నమర్చినచో ఎంత ప్రకాశమున్నను ప్రతిబింబము తప్పదు.

వినబడని బొమ్మ వ్యర్థము

నేటి టెలివిజనులు పలుచనివి. వాటి స్పీకర్లు పెక్కింటిలో క్రిందివైపునకో వెనుకకో తిరిగియుండును. నలుగురున్న ఇంటికి చాలిన శబ్దము, ఫ్యాను తిరుగుచు, పిల్లలు మాటలాడుచున్న గదికి చాలదు. పాట బాగుగా వినబడినంతమాత్రమున తృప్తిపడరాదు. మాట స్పష్టముగా వినబడవలెను. వేరొక స్పీకరును తగిలించు వీలున్నదో లేదో తప్పక చూడవలెను.

కంప్యూటరు భాగము

ఇందు అడుగవలసిన ప్రశ్నలు మూడు. ర్యామ్ ఎంత? 2 జీబీకి తక్కువైన పెట్టెలు త్వరలో మందగించును. నిలువ ఎంత? 8 జీబీ ఉన్నదానిలో అధికభాగము టెలివిజను తన పనికే వాడుకొనును. 16 జీబీ మేలు. క్రొత్త సాఫ్ట్‌వేరును కంపెనీ ఎన్నేండ్లు పంపును? దీనికి సమాధానమును వ్రాతమూలకముగా కోరవలెను. మెనూలు తెలుగులో కనబడునా, రిమోటులో తెలుగున పలికిన మాటను గ్రహించునా యనునది కూడ చూడదగినది. ఆంగ్లము రాని సభ్యురాలు సైతము స్వయముగా నడుపగలిగినపుడే ఆ పెట్టె గ్రామమునది యగును.

వెనుక హెచ్‌డీఎంఐ రంధ్రములు కనీసము రెండుండవలెను. కంప్యూటరు భాగము ముసలిదైన నాడు వేరొక చిన్న స్ట్రీమింగు పరికరమును అందు తగిలించి, తెరను మఱికొన్నేండ్లు వాడుకొనవచ్చును.

ఇంటర్నెట్టు, విద్యుత్తు

ఫుల్ హెచ్‌డీ చిత్రము ఆగక నడచుటకు సుమారు 5 ఎంబీపీఎస్, 4కే చిత్రమునకు 15 ఎంబీపీఎస్ లేక అంతకు మించిన వేగము కావలెను. భారత్‌నెట్ తీగ కార్యాలయమునకు వచ్చియున్నచో వైఫైకంటె తీగను నేరుగా పెట్టెకు కలుపుట మేలు. గోడలు దానికి అడ్డురావు. ఇంటర్నెట్టు నిలిచిన దినమున దూరదర్శన్ ఉచిత డిష్, పెన్‌డ్రైవు అక్కరకు వచ్చును. వాటికి తగిన అమరికలున్నవో లేవో చూడవలెను.

100 వాట్ల పెట్టెను దినమునకు 4 గంటలు నడిపినచో నెలకు 12 యూనిట్లు ఖర్చగును. బిల్లుకంటె వోల్టేజి హెచ్చుతగ్గులు, పిడుగులు భయపడదగినవి. పెట్టె ఎంత వోల్టేజిని తట్టునో దాని వెనుక చీటీపై వ్రాసియుండును. గదికి సరియైన ఎర్తు ఏర్పరచవలెను. ఉరుములు మొదలగుటకు ముందే ప్లగ్గును, డిష్ తీగను ఊడదీయవలెను.

ధర, పత్రములు, మరమ్మతు

టెలివిజనులకు భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి. ఆర్ అను అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యను చీటీపై చూడవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి 32 అంగుళములకు మించిన టెలివిజనులపై జీఎస్టీ 28 నుండి 18 శాతమునకు తగ్గినది. పాత పన్నుతో లెక్కకట్టిన కొటేషనును అంగీకరింపరాదు.

గ్యారంటీ ఎన్నేండ్లని మాత్రమే అడిగిన చాలదు. అది తెరకు కూడ వర్తించునా? పంచాయతి వంటి సంస్థ వాడుకకు వర్తించునా, లేక గృహములకు మాత్రమేనా? మెకానిక్కు గ్రామమునకు వచ్చునా, లేక పెట్టెను మనమే పట్టణమునకు మోయవలెనా? 1975 నాటి ఉపగ్రహ ప్రయోగమున పెట్టెలతోబాటు మరమ్మతు కేంద్రములను కూడ ఏర్పరచిరి. ఆ ముందుచూపు నేటికిని అనుసరణీయము. అమ్మినవారు మాట తప్పినచో 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయమును కోరవచ్చును.

గదిలో జరుపవలసిన పరీక్ష

పెట్టె వచ్చిన పిమ్మట, అంగీకార పత్రముపై సంతకము చేయుటకు ముందు, కనీసము నలుగురు సభ్యులు కూడి ఈ క్రింది విధముగా పరీక్షింపవలెను.

1. దుకాణపు అమరికను తొలగించి గృహపు అమరికలో నుంచవలెను.

2. మధ్యాహ్నము కిటికీలు తెరచి, జమాఖర్చుల పట్టికను చూపి, చివరి వరుసలోను రెండు ప్రక్కలను కూర్చుండి చదువవలెను. వృద్ధులనొకరిని పిలిచి చదివింపవలెను.

3. ఫ్యాను వేసి తెలుగు వార్తలను వినవలెను.

4. తెరను ఒకే తెలుపు రంగుతో, పిమ్మట నలుపుతో నింపి మచ్చలు, చారలు ఉన్నవేమో చూడవలెను.

5. ఒక పాఠమును అరగంట సేపు ఇంటర్నెట్టుపై నడిపి, ఎన్నిమారులు ఆగినదో వ్రాసికొనవలెను.

6. ప్లగ్గును ఊడదీసి మరల పెట్టి, ఎంతసేపటికి సిద్ధమగునో గడియారముతో చూడవలెను.

ఫలితములను పుస్తకమున వ్రాసి అందరు సంతకములు చేయవలెను. లోపమున్నచో మొగమాటము లేక త్రిప్పి పంపవలెను.

కొన్న పిమ్మట

యాప్‌ల ఖాతాను కార్యదర్శి సొంత పేరున గాక పంచాయతి పేరున తెరువవలెను. లేనిచో ఆయన బదిలీతో ఖాతాయు వెళ్లిపోవును. దానికి బ్యాంకు కార్డును కలుపరాదు. కొన్ని టెలివిజనులు మనము చూచువాటి వివరములను కంపెనీకి చేరవేయును. అమెరికాలో విజియో అను సంస్థ 1 కోటి 10 లక్షల టెలివిజనుల నుండి అనుమతి లేక ఇట్లు వివరములు సేకరించెనను అభియోగము రాగా, 2017లో 22 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. కావున మొదటి దినముననే అమరికలలోనికి పోయి ఇట్టి అనుమతులను నిలిపివేయవలెను.

తాళపుచెవి ఎవరివద్ద ఉండును, ఏ వేళ ఎవరికొరకు నడుపవలెను, అను విషయములను తీర్మానములోనే చేర్చుట మంచిది. సర్పంచి గదిలో బీగము వేసిన టెలివిజను ఎంత ఉత్తమమైనదైనను గ్రామమునకు లేనట్లే. పరీక్ష ఫలితమును, చెల్లించిన ధరను, గ్యారంటీ ముగియు తేదీని నోటీసు పలకపై అంటించి, రాబోవు గ్రామసభలో చదివి వినిపింపుడు. తమ సొమ్ముతో ఏమి కొనిరో, అది ఎట్లు పనిచేయుచున్నదో తెలిసికొను హక్కు ప్రతి గ్రామస్థునకును కలదు.