అడిగినవన్నీ ఎందుకు చేయరు? సాఫ్ట్‌వేర్ కంపెనీలు, మన విన్నపాలు

వికారాబాద్, తాండూరు ప్రాంతాల్లో డిగ్రీ, ఇంజినీరింగ్ పూర్తి చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలు మన ఇళ్లల్లో చాలామందే ఉన్నారు. వారికి కోడింగ్ నేర్పేవారు దొరుకుతారు. కాని కంపెనీలో ఏ పని ముందు చేయాలి, ఏది పక్కన పెట్టాలి అన్నది ఎలా తేలుతుందో చెప్పేవారు తక్కువ. ఇది పెద్దలకూ అక్కరకొచ్చే విషయమే. సంఘాల లెక్కలు, చందా రసీదులు, భూముల కాగితాలు అన్నీ ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి కదా.

సాఫ్ట్‌వేర్ వాడేవారు "ఇందులో ఈ సౌకర్యం కూడా పెట్టండి" అని కంపెనీని కోరడాన్ని ఫీచర్ రిక్వెస్ట్ అంటారు. అది కస్టమర్ సపోర్ట్ వారి ద్వారా బ్యాక్‌లాగ్ అనే పెద్ద జాబితాలోకి చేరుతుంది. ప్రోడక్ట్ మేనేజర్ ఆ జాబితాను వడగట్టి, రాబోయే నెలల్లో ఏ పని తరువాత ఏ పని అన్న వరుస నిర్ణయిస్తారు. ఆ వరుసే రోడ్‌మ్యాప్. ఇది ఎంతమందికి అవసరం, ఎన్ని రోజుల పని, చేశాక ఏళ్ల తరబడి దాన్ని ఎవరు చూసుకోవాలి అని లెక్క వేస్తారు. ఈ చివరి ఖర్చు బయటివారికి కనబడదు. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ నడిపేవారు ఒక గిరాకీ కోసం వింత సైజు రాయి కోసి ఇస్తే, బేరం అక్కడితో ముగుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో అలా కాదు. ఒకసారి పెట్టిన ఫీచర్‌ను ప్రతి కొత్త వెర్షన్‌లోనూ మళ్లీ పరీక్షించాలి, చెడితే బాగు చేయాలి.

అందుకే అడిగినది ఒకటైతే వచ్చేది కొంచెం వేరుగా ఉంటుంది. పంపిన మెసేజ్‌ను సరిదిద్దుకునే వీలు కావాలని వాట్సాప్‌ను జనం ఏళ్లుగా అడిగారు. 2023 మే నెలలో ఇచ్చారు గాని, పంపిన 15 నిమిషాల లోపే సరిదిద్దాలని హద్దు పెట్టారు. ఆ హద్దు సరైనదే అనిపిస్తుంది. "ఐదు వేలు ఇస్తాను" అని గ్రూపులో రాసినవారు వారం తరువాత దాన్ని "ఐదు వందలు" చేసుకోగలిగితే ఎవరి మాటకు విలువ ఉంటుంది? గ్రూపు సభ్యుల పరిమితి కూడా ఒక్కసారిగా పెరగలేదు. 256 నుంచి 512కు, 2022 చివరికి 1024కు పెంచారు.

మన రైతులకు బాగా తెలిసిన ఉదాహరణ ధరణి. 2020 అక్టోబర్ 29న మొదలైన ఈ పోర్టల్‌లో ఆరంభంలో చాలా రకాల తప్పులు దిద్దుకునే దారి లేదు. పేరు తప్పు పడినా, విస్తీర్ణం తగ్గినా దరఖాస్తు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. ఫిర్యాదులు పెరిగిన కొద్దీ ఒక్కో సమస్యకు ఒక్కో మాడ్యూల్ కలుపుతూ పోయారు. పాస్‌బుక్ వివరాల సవరణకు వచ్చిన టీఎం-33 వాటిలో ఒకటి. అలా మాడ్యూళ్లు 30 దాటాయి. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. తన సమస్య ఏ మాడ్యూల్ కిందికి వస్తుందో రైతుకు తెలియదు, మీసేవలో కూర్చున్నవారికీ ఒక్కోసారి తెలియదు. తప్పు మాడ్యూల్‌లో పెడితే దరఖాస్తు తిరస్కరణే.

వచ్చిన ప్రతి విన్నపానికీ ఒక బటన్ పెడితే జరిగేది ఇదే. పది ఫిర్యాదుల వెనుక ఉన్న ఒకే కారణాన్ని పట్టుకోవడం ప్రోడక్ట్ మేనేజర్ అసలు పని. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో వచ్చిన భూభారతిని ముందు నాలుగు మండలాల్లో నడిపి చూశారు. జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. మాడ్యూళ్లు బాగా తగ్గించారు. అధికారి నిర్ణయం మీద అప్పీలు చేసుకునే వీలు మాత్రం ప్రోగ్రామర్ ఇవ్వగలిగింది కాదు, దానికి కొత్త చట్టమే కావలసి వచ్చింది. కొన్ని విన్నపాలకు సరైన చిరునామా కంపెనీ కాదన్నమాట.

ఇక మన పని. జకాత్ సొమ్మును ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయతులో చెప్పిన ఎనిమిది వర్గాలకే వాడాలి. సదఖా, ఫిత్రా, సాధారణ చందాల లెక్క వేరుగా ఉండాలి. ఒక సంఘం తన లెక్కల సాఫ్ట్‌వేర్ కంపెనీకి "జకాత్ బటన్ పెట్టండి" అని రాస్తే, జకాత్ అంటే ఏమిటో తెలియని ఉద్యోగి దాన్ని పక్కన పెడతాడు. అదే "ఒక పనికి ఇచ్చిన సొమ్ము ఇంకో పనికి ఖర్చు కాకుండా ఆపే దారి కావాలి" అని రాస్తే, చర్చిలు, గుడి ట్రస్టులు, విద్యాసంస్థలు అడిగేదీ అదేనని అతనికి అర్థమవుతుంది. అప్పుడు అది ఒక్కరి కోరిక కాదు. అయితే రాసే ముందు ఉన్నది చూసుకోవాలి. ట్యాలీలో కాస్ట్ సెంటర్లు ఇప్పటికే ఉన్నాయి. ఏ సొమ్ము ఎటు వెళ్లిందో వేరుగా చూసుకోవడానికి చాలావరకు అవి చాలు.

చాలనిది ఒకటుంది. హిజ్రీ సంవత్సరం సుమారు 354 రోజులు, మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి వరకు. 2022లో రమజాన్ ఏప్రిల్ 3న మొదలైంది, 2023లో మార్చి 24న మొదలైంది. రెండు ఆరంభాలూ 2022-23లోనే పడ్డాయి! ఆ ఏటి రిపోర్టును ముందటి ఏడుతో పోల్చి "జకాత్ పెరిగింది" అనుకుంటే పొరపాటే. కంపెనీకి రాసేటప్పుడు ఈ రెండు తేదీలనే చూపి, "హిజ్రీ తేదీల మధ్య రిపోర్టు తీయాలి, ఇప్పుడు చేత్తో రెండు రోజులు పడుతోంది" అని చెప్పాలి. సమస్య, ఉదాహరణ, పోతున్న సమయం. ఈ మూడూ ఉన్న ఉత్తరాన్ని ప్రోడక్ట్ మేనేజర్ అంత తేలిగ్గా పక్కన పెట్టలేరు. ఇంటర్వ్యూలో "ఈ యాప్‌ను ఎలా మెరుగుపరుస్తావు?" అని అడిగినప్పుడు మన పిల్లలు చెప్పవలసింది కూడా ఈ పద్ధతిలోనే. ముందు వాడేవారు ఎవరో, వారి ఇబ్బంది ఏమిటో చెప్పాలి, ఫీచర్ సంగతి ఆ తరువాత.

"వచ్చే వెర్షన్‌లో వస్తుంది, రోడ్‌మ్యాప్‌లో ఉంది" అని అమ్మేవారు చెబితే దాన్ని హామీగా తీసుకోరాదు. రోడ్‌మ్యాప్ మారుతూనే ఉంటుంది, కంపెనీలే ఆ మాట రాసి పెడతాయి. ఈరోజు అందులో ఉన్నదానికే డబ్బు కట్టాలి. జకాత్ లెక్క అమానత్ గనుక ఇంకొకటి కూడా చూసుకోవాలి. ఆ కంపెనీ మూతబడినా మన వివరాలు మన చేతికి రావాలి. మొత్తం డేటాను ఎక్సెల్ ఫైలుగా దించుకునే వీలుందో లేదో డెమో రోజునే దగ్గరుండి చేయించి చూడాలి.