ధాన్యపు కొట్లలో ఖాప్రా పురుగు: గుర్తించుట, నివారించుట

వానలు తక్కువై యెండలు తీవ్రముగా నుండు సీమలలో ధాన్యమునకు పురుగు పట్టదని పలువురు రైతులు తలచుదురు. ఇది సగము మాత్రమే నిజము. ముక్కపురుగు వృద్ధిపొందుటకు గింజలో కొంత తేమ యుండవలెను. ఖాప్రా పురుగు అట్లు కాదు. మిక్కిలి యెండిన గింజను తినియు నది పెరుగును. రాజస్థానమునందలి థార్ ఎడారి వంటి వేడి ప్రాంతములలో గోధుమలు నిలువచేయు ఇండ్ల కిది గొప్ప బెడద.

గుర్తించు విధము

పెద్దపురుగు గోధుమవన్నె గలిగి, అండాకారముగా, 2 మొదలు 3 మిల్లీమీటర్ల పొడవుండును. రెక్కలున్నను ఎగురదు. కొలది దినములే బ్రతుకును. ధాన్యమును పాడుచేయునది దాని పిల్లపురుగు. దీని యొడలెల్ల నూగు, తోకవైపు వెండ్రుకల కుచ్చు ఉండును. ఇది రాశి పైభాగమున మెండుగా నుండును. విడిచిన కుబుసములు పొట్టువలె పైన పేరుకొనును.

గోధుమలో నిది మొదట మొలక పుట్టు కొనను తినును. కావున పైకి బాగుగా గనబడు విత్తనము సయితము మొలవకపోవచ్చును. తిండిగింజలు చెడినచో మరల కొనవచ్చును. విత్తనము చెడినచో అదను దప్పి, ఆ యేటి పంటయే పోవును.

దాగియుండు విధము

వేడి 35 సెంటిగ్రేడు డిగ్రీలున్నప్పుడు గ్రుడ్డు మొదలు పెద్దపురుగగుటకు ఇంచుమించు ఒక మాసము చాలును. తిండి దొరకనప్పుడు పిల్లపురుగులు గోడల పగుళ్ళలోను, గోనెసంచుల కుట్లలోను దూరి, అనేక మాసములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి ఆహారము లేకయే బ్రతుకును. కావున ఖాళీగా నున్న కొట్టు శుభ్రమైనదని నమ్మరాదు. ఈ పురుగు సరకులతో సముద్రములు దాటి పోయినది. 1953లో అమెరికాలోని కాలిఫోర్నియాలో దీనిని కనుగొని, గిడ్డంగులను గుడారములతో కప్పి విషవాయువు పట్టించి నిర్మూలింపవలసి వచ్చెను.

నివారణోపాయములు

1. క్రొత్త ధాన్యము రాకమునుపే కొట్టును పూర్తిగా ఖాళీచేసి, మూలమూలలు ఊడ్చి, ఆ చెత్తను కాల్చివేయవలెను.

2. గోడల పగుళ్ళను, నేల బీటలను గీకి, మట్టితో మెత్తి, పైన సున్నము కొట్టవలెను.

3. పాత సంచులను తిరుగవేసి, మరుగునీటిలో పావుగంట యుంచి, ఎండబెట్టిన పిమ్మటనే వాడవలెను.

4. పాత ధాన్యముపై క్రొత్తది పోయరాదు. సంచులను గోడకు దూరముగా, బల్లలపై నుంచవలెను.

5. విత్తనమును వేరుగా నెండబెట్టి, చల్లారిన తరువాత, గాలి చొరని లోహపు డబ్బాలో నిండుగా పోసి మూయవలెను.

6. పదునైదు దినముల కొకసారి పైపొరను జల్లించి చూడవలెను.

హెచ్చరిక

అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలనుండి వెలువడు వాయువు పురుగులనే గాక మనుష్యులను సయితము చంపును. మనుష్యులు నిదురించు ఇంటిలో గాని, దాని నానుకొనియున్న గదిలో గాని వాటిని ఎన్నడును వాడరాదు. ఆ పని అనుమతి పొందిన నిపుణులచేతనే చేయింపవలెను.

అనంతపురము వంటి మెట్టసీమల రైతులకును ఈ జాగ్రత్తలు ఉపయోగపడును. బాగుగా నెండబెట్టిన ధాన్యమునందు నూగు గల పురుగులు కనబడినచో, ఆ ధాన్యమును ఇతర కొట్లకు తరలింపక, వెంటనే వ్యవసాయాధికారికి చూపవలెను.