బిడ్డ భారమా? ప్రసాదమా?



పాల్కురికి సోమనాథుని బసవపురాణమున గొడగూచి కథ కలదు. మనము దానిని ముగ్ధభక్తికి దృష్టాంతముగా చెప్పుకొందుము. బిడ్డలను పెంచువారికిని అందొక పాఠమున్నది. ఈ పర్యాయము ఆ దృష్టితో ఆ కథను మననము చేసికొందము.

గొడగూచి తండ్రి శివభక్తుడు. దినదినము గుడిలోని లింగమునకు పాలు నివేదించుట ఆయన నియమము. ఒకమారు ఊరికి పోవలసివచ్చి ఆ పనిని పసిబిడ్డకు అప్పగించెను. బిడ్డ పాలు తీసికొనిపోయి లింగము ముందుంచెను. శివుడు నిజముగనే త్రాగునని ఆమె నమ్మిక. శివుడు త్రాగలేదు. బిడ్డ బుజ్జగించెను, బ్రతిమాలెను. పాలు మిగిలినచో తండ్రి కోపించునని భయపడి ఏడ్చెను. తల కొట్టుకొనుచుండగా శివుడు ప్రత్యక్షమై పాలు త్రాగెను. తండ్రి తిరిగివచ్చి అడుగగా ఆమె జరిగినది జరిగినట్లు చెప్పెను. ఆయన నమ్మలేదు, అబద్ధమని కొట్టబోయెను. బిడ్డ శివుని శరణువేడి లింగమున లీనమయ్యెను. తండ్రి చేయి చాచెను గాని బిడ్డ దక్కలేదు.

ఆ తండ్రి దుష్టుడు కాడు. నియమము చెడునేమో యన్న ఆదుర్దా ఆయనది. ఆ ఆదుర్దాయే బిడ్డ గుండెలో భయముగా మారినది. భయపడిన బిడ్డ నిజము చెప్పినను తండ్రి చెవికెక్కలేదు. పురాణమున అది శివైక్యము. మన ఇండ్లలో బిడ్డ దూరమగుట శివైక్యము కాదు, తీరని శోకము.

నేటి గృహము

నేటి తల్లిదండ్రుల బరువు చిన్నది కాదు. హాస్టలు రుసుముకై పొలము తాకట్టు పెట్టినవారు, వడ్డీకి అప్పు తెచ్చినవారు మన బంధువర్గముననే కలరు. పట్టణమున ఆలుమగలిద్దరును ఉద్యోగమునకు పోవుదురు. బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొను అవ్వ పల్లెలో ఒంటరిగా నున్నది. ఇంటర్మీడియట్ రెండేండ్లు ఇంటిల్లిపాదికిని పరీక్షయే. అలసిన తండ్రి కసరును. కసరుటకు వెరచి బిడ్డ మార్కులు దాచును. దాచినది బయటపడగా తండ్రికి అనుమానము పెరుగును. అనుమానము మరల కోపమగును. ఈ చక్రము తిరిగినకొలది ఇంట మాటలు తగ్గిపోవును. భార్యాభర్తల నడుమ కూడ “నీ గారాబమే”, “నీ కోపమే” యను నిందలు తప్ప వేరు సంభాషణ మిగులదు.

ఇది మనకొక్కరికే వచ్చిన కష్టము కాదు. మన తెలుగు కుటుంబములెన్నో స్థిరపడిన అమెరికాలో 2024 ఆగస్టున ప్రభుత్వపు సర్జన్ జనరల్ తల్లిదండ్రుల ఒత్తిడిని గూర్చి ప్రత్యేకముగా హెచ్చరించెను. గడచిన మాసమున తీవ్రమైన ఒత్తిడికి లోనైతిమని చెప్పిన తల్లిదండ్రులు నూటికి 33 మంది కాగా, ఇతర పెద్దలలో అట్టివారు 20 మంది యని అందు చూపబడినది. ఇవి 2023 నాటి లెక్కలు.

మన దేశమున 2022లో 13 వేలకు పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని ప్రభుత్వ నివేదికయే తెలుపుచున్నది. కారణములు అనేకములు, అన్నిటికి తల్లిదండ్రులే బాధ్యులనుట అన్యాయము. 2019 ఏప్రిల్‌లో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన కొలది దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములందు తప్పులు దొర్లినవని పెద్ద ఆందోళన జరిగినది. మార్కుల పట్టీని మరల దిద్దవచ్చును. పోయిన బిడ్డను తేలేము.

శరణుల మార్గము

బసవేశ్వరుని బోధలో ఈ బరువును దించు ఉపాయములు మూడు కలవు.

మొదటిది కాయకము. మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడిపెను, మేదర కేతయ్య బుట్టలల్లెను, నులియ చందయ్య త్రాళ్లు పేనెను. వీరెల్లరును శరణులే. వృత్తిని బట్టి మనుష్యుని తూచరాదని నమ్మినవారము, మన బిడ్డను ర్యాంకును బట్టి తూచుట ఎట్లు? ఇంజనీరు కాని బిడ్డ తక్కువ బిడ్డ యని తలచిన క్షణమున మనము కాయకతత్త్వమును విడిచినట్లే.

రెండవది మితము. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యము ఏరితెచ్చి దాసోహము జరుపువాడు. ఒకనాడు అవసరమునకు మించి తేగా, ఆయన భార్య లక్కమ్మ ఆ అధికమును తిరిగి అక్కడనే పోసిరమ్మనెను. చదువు వలదనుట కాదు. మన ఆశలో బిడ్డకు కావలసినదెంత, బంధువుల ముందు మన గొప్పకు కావలసినదెంత యని విడదీసి చూచుకొనవలెను. అధికమును దింపిననాడు అప్పును తగ్గును, కోపమును తగ్గును.

మూడవది అనుభవగోష్ఠి. అనుభవమంటపమున స్త్రీలును, శ్రమజీవులును సమముగా కూర్చుండి మాటాడిరి. మన గృహమును ఒక చిన్న మంటపము కావలెను. సాయంకాలము ఇష్టలింగపూజ ముగిసిన పిదప పావుగంట అందరును కలిసి కూర్చుండుడు. ఆ సమయమున మార్కుల ప్రసక్తి వలదు. బిడ్డ చెప్పునది ముగియువరకు అడ్డుపలుకకుడు. నమ్మశక్యము కానిదైనను మొదట వినుడు. గొడగూచి తండ్రి చేయలేకపోయినది ఇదియే.

తల్లుల కొక మాట. అదే పురాణమున బెజ్జ మహాదేవి, శివునికి తల్లి లేదుగదా యని జాలిపడి, తానే తల్లియై ఆయనను పెంచెను. విషము మ్రింగినవానికి గొంతునొప్పి వచ్చినదని ప్రాణము విడువ సిద్ధపడెను. తల్లికి బెంగ సహజము, సిగ్గుపడవలసినది కాదు. ఆ బెంగను ఒంటరిగా మోయుటయే తప్పు.

కావున దాసోహమును అన్నమునకే పరిమితము చేయకుడు. ఉద్యోగము నుండి ఆలస్యముగా వచ్చు పొరుగింటి తల్లి బిడ్డను ఒక గంటసేపు చూచుట దాసోహమే. ఫలితములు వెలువడు దినమున ఓడిన బిడ్డ యింటికి పోయి కలిసి భుజించుట దాసోహమే. మనసు మరీ క్రుంగినపుడు, పెద్దలైనను పిల్లలైనను, 14416 సంఖ్యకు ఫోను చేసినచో ప్రభుత్వపు టెలి మానస్ సేవ ఉచితముగా లభించును. వైద్యుని చూచుట భక్తికి లోపము కాదు.

ప్రసాదమును మనము యోగ్యత చూచి స్వీకరింపము, కన్నుల కద్దుకొందుము. బిడ్డయు లింగదేవుడు మన చేతికిచ్చిన ప్రసాదమే.

మననము చేయదగిన ప్రశ్నలు

1. ఈ వారము నా బిడ్డ చెప్పిన ఏ మాటను నేను వినకయే కాదంటిని?
2. నా ఆశలో లక్కమ్మ తిరిగి పోసిరమ్మనదగిన అధికమెంత?
3. నా పొరుగున ఒంటరిగా బరువు మోయుచున్న తల్లి గాని తండ్రి గాని ఎవరు?

శరణు శరణార్థి.