ప్రయాణమునకు తగిన కాలము

పాఠ్యభాగము: ఎజ్రా 7:6–10, 8:15–32
కంఠస్థ వాక్యము: సామెతలు 22:3



కొండ గ్రామములలోని విశ్వాసులను కాలినడకను పోయి దర్శింపవలెనని మన సంఘములలోని యౌవనస్థులు అప్పుడప్పుడు కోరుచుందురు. అది మంచి కోరిక. అయితే ఎప్పుడు పోవలెనను ప్రశ్న వచ్చినప్పుడు, “దేవుని పనికి కాలముతో నిమిత్తమేమి? ప్రార్థించి బయలుదేరుదము” అనువారు కొందరుందురు. ఈ మాట భక్తిగా వినబడును. లేఖనము ఆలాగు బోధించుచున్నదా? మొదట ఎజ్రా చేసిన దీర్ఘప్రయాణమును చూచి, పిమ్మట మన దేశపు వానలను, పురుగులను ఆలోచింతము.

1. ఎజ్రా ఎంచుకొనిన నెలలు

ఎజ్రా మొదటి నెల మొదటి దినమున బబులోను విడిచి, అయిదవ నెల మొదటి దినమున యెరూషలేము చేరెను (7:9). ఇది క్రీ.పూ. 458లో జరిగినదని పండితులు అనేకులు లెక్కించుదురు. మొదటి నెల అనగా మనకు మార్చి–ఏప్రిల్. అయిదవ నెల అనగా జూలై–ఆగస్టు. ఆ దేశములలో వానలు మనకువలె జూన్‌లో రావు. అక్టోబరు, నవంబరులలో తొలకరితో మొదలై, మార్చి, ఏప్రిలులలో కడవరి వానతో ముగియును. తరువాత వేసవియంతయు వాన లేనట్లే. కాబట్టి ఎజ్రా బయలుదేరినది వానలు వెనుకబడు సమయము. అప్పుడు త్రోవ ఆరుచుండును, పశువులకు పచ్చిక ఇంకను మిగిలియుండును.

బబులోనునుండి తిన్నగా పడమటికి పోయినచో ఎడారి. అందుచేత ఆ కాలపు బాటసారులు యూఫ్రటీసు నది వెంబడి పైకి పోయి, సిరియా మీదుగా దక్షిణమునకు దిగెడివారు. ఆ త్రోవ సుమారు 1,400 కిలోమీటర్లు. అహవా నదియొద్ద మూడు దినములు దిగి, వారు అక్కడనుండి మొదటి నెల పండ్రెండవ దినమున సాగిరి (8:15, 31). ఆ లెక్కను దినమునకు సుమారు 13 కిలోమీటర్లే నడచిరి. వారితో చిన్నపిల్లలుండిరి గనుక బలహీనుని అడుగే అందరి అడుగాయెను.

రాజునొద్ద సైన్యము నడుగుటకు ఎజ్రా సిగ్గుపడెను. ఉపవాసముండి దేవుని వేడుకొనెను. అయినను జనమును లెక్కించుట మానలేదు, లేవీయులు లేరని చూచి పిలువనంపుట మానలేదు, వెండి బంగారములను తూచుట మానలేదు. ప్రార్థనయు, ముందుచూపును ఆయన యొద్ద ఒకదానికొకటి విరోధముగా నుండలేదు.

2. మన వానలు

ఇప్పుడు మన దేశమునకు వత్తము. రాజమహేంద్రవరము నుండి రంపచోడవరము, మారేడుమిల్లి, చింతూరు మీదుగా భద్రాచలము వరకు ఒక గుంపు నడువ తలచెననుకొందము. ఎజ్రా జనమువలె నడచినయెడల ఇంచుమించు రెండు వారములు పట్టును.

నైరుతి వానలు జూన్ మొదటి పక్షములో మనలను చేరి అక్టోబరు వరకు ఉండును. అక్టోబరు, నవంబరులలో కోస్తాకు తుపానుల భయము కలదు. జూలై, ఆగస్టులలో గోదావరి పొంగును. భద్రాచలమునొద్ద నీటిమట్టము 53 అడుగులు చేరినప్పుడు మూడవ ప్రమాద హెచ్చరిక ఇత్తురు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచెను. గోదావరి నిండినప్పుడు శబరి నీరు వెనుకకు తన్ని కూనవరము, చింతూరు ప్రాంతములలో రోడ్లను ముంచును. మన తలమీద ఎండ కాయుచున్నను, ఎగువ కురిసిన వాన కొండవాగులో ఒక్కసారిగా దిగివచ్చును. అట్టి వాగు తీయువరకు గట్టుననే నిలుచుట పిరికితనము కాదు.

3. వాన వెళ్లినను దోమ వెళ్లదు

ఇక్కడనే అనేకులు పొరబడుదురు. వాన నిలిచినది గనుక ఇక భయము లేదని అక్టోబరు చివరనే మూట కట్టుదురు. మలేరియా క్రిమి దోమలో నున్నదని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే కనుగొనెను. ఆ జ్ఞానమును మనము లెక్కలోనికి తీసికొనవలెను. నిలిచిన నీటిలో గ్రుడ్డు దోమయగుటకు సుమారు 10 దినములు పట్టును. రోగి రక్తము త్రాగిన దోమలో క్రిమి ముదురుటకు దాదాపు రెండు వారములు. అది కుట్టినపిమ్మట మనుష్యునికి జ్వరము వచ్చుటకు మరి 10 మొదలు 15 దినములు. అనగా వాన నిలిచిన అయిదారు వారములకును ఆ వాన తెచ్చిన జ్వరము ఊరిలో నుండవచ్చును. కొండలలో నెమ్మదిగా పారు వాగుల అంచున చలికాలములోను దోమలు పెరుగును.

పొదలలోను, తడిగడ్డిలోను ఉండు మిక్కిలి చిన్న పురుగు కుట్టుటవలన స్క్రబ్ టైఫస్ అను జ్వరము కలుగును. కుట్టినచోట కాలినట్టు నల్లని పొక్కు కట్టును. సకాలమున వైద్యుడు చూచినచో మందున్నది. కాబట్టి పొదలలో కూర్చుండరాదు. ప్రతి సాయంకాలము ఒడలు, బట్టలు పరీక్షించుకొనవలెను.

4. ఏ నెల మంచిది?

క్రిస్మసు, నూతన సంవత్సరారాధనలు ముగిసి, సంక్రాంతి వెళ్లిన తరువాత ఫిబ్రవరి చివరివరకు మంచి కాలము. అప్పటికి వాగులు తగ్గును, త్రోవ ఆరును. చలి కలదు గనుక కంబళి ఉండవలెను. దోమ పూర్తిగా పోదు గనుక మందు పూసిన దోమతెర తప్పక ఉండవలెను. సాయంకాలము మొదలు నిండు చేతుల చొక్కా తొడుగుట మేలు. మార్చి దాటిన పిమ్మట ఎండ ముదురును, చిన్న ఊటలు ఎండును. అదిగాక కొండ జనులు ఇప్పపూవు ఏరుటకు తెల్లవారక మునుపే అడవికి పోవుదురు. మన సౌకర్యము మాత్రమే గాక, మనకు అన్నము పెట్టువారి పనికాలమును కూడ చూడవలెను గదా!

5. పొరుగువాని నిమిత్తము

మనము కుట్టించుకొనుటకు సిద్ధమైనంత మాత్రమున చాలదు. రక్తములో క్రిమి గలవాడు ఒక ఊరినుండి మరియొక ఊరికి నడచినయెడల, అక్కడి దోమ అతనిని కుట్టి, ఆ ఇంటి బిడ్డను కుట్టును. దీవెన తీసికొని పోవు పాదములే జ్వరమును తీసికొని పోవచ్చును. గర్భిణీ స్త్రీలకును, అయిదేండ్ల లోపు బిడ్డలకును ఈ జ్వరము మరింత ప్రమాదకరము. వారిని యాత్రలో చేర్చవద్దు. త్రోవలో ఎవనికైన జ్వరము వచ్చినచో గుంపు అక్కడనే ఆగి, ఆశా కార్యకర్త చేతనైనను ఆరోగ్య కేంద్రములోనైనను రక్తము పరీక్ష చేయింపవలెను. ఇచ్చిన మాత్రలు జ్వరము తగ్గగానే మానక పూర్తిగా మ్రింగవలెను. ఒక రకమునకు 14 దినముల మందు కలదు, ఏలయనగా ఆ క్రిమి కాలేయములో దాగి నెలల తరువాత మరల లేచును. ఇంటికి వచ్చిన కొన్ని వారములకు జ్వరము వచ్చినను, తాము నడచిన ప్రాంతమును వైద్యునికి చెప్పవలెను.

దేవాలయ శిఖరముమీదనుండి దుముకుటకు మన ప్రభువు నిరాకరించెను (మత్తయి 4:5–7). తండ్రియందు నమ్మకము లేక కాదు. నమ్మిక వేరు, శోధించుట వేరు. జూలైలో పొంగిన వాగును దాటవలెనని పంతము పట్టుట విశ్వాసమని పిలువబడదు. కొండమీది సహోదరులు మన రాక కొరకు ఎదురుచూచుచున్నారు. రెండు నెలలు ఆలస్యమైనను, ఆరోగ్యముగా పోయి, వారిని ఆరోగ్యముగా విడిచి వచ్చుటయే ప్రేమ.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. సైన్యమును అడుగని ఎజ్రా, ఏయే విషయములలో ముందుగా సిద్ధపడెను?
2. మన ఊరినుండి నడువదగిన త్రోవలో ఏ వాగు ఏ నెలలో పొంగును? పెద్దలనడిగి వ్రాసికొనుడి.
3. మనము దర్శింపగోరు గ్రామస్థులు ఏ నెలలలో ఇంటియొద్ద తీరికగా నుందురు?

ప్రార్థన: కాలములను ఏర్పరచిన తండ్రీ, బయలుదేరుటకు ధైర్యమును, ఆగుటకు ఓర్పును, మా పొరుగువాని క్షేమమును తలంచు మనస్సును మాకు దయచేయుము. ఆమేన్.