సూళె సంకవ్వ వచనము – ఒక ధర్మవిచారము

పన్నెండవ శతాబ్దమున కల్యాణ శరణులలో సూళె సంకవ్వ యను శరణురాలు గలదు. కన్నడమున ‘సూళె’ యనగా వేశ్య. మేదర కేతయ్య పేరున వెదురుపని నిలిచినట్లే ఈమె పేరున ఈమె వృత్తి నిలిచినది. మనకు దక్కిన వచన మొక్కటే, అంకితము నిర్లజ్జేశ్వరుడు. ఒకని సొమ్ము పుచ్చుకొన్న పిమ్మట వేరొకని సొమ్ము ముట్టననియు, ముట్టినచో శిక్షకు పాత్రురాలననియు అందలి ప్రతిజ్ఞ.

కాయకమును కైలాసముతో సమానముగా నెంచిన మతమున ఇదియు కాయకమే యగునా? ఆడినమాట తప్పలేదు గనుక అగునని కొందరందురు. ఆ సమాధానము నాకు తృప్తి నీయదు. నేతగాడు వస్త్రము నమ్మును గాని తన్ను అమ్ముకొనడు. జర్మను తత్త్వవేత్త కాంటు (1724–1804) వాదమును ఇట్టిదే. వస్తువునకు వెల గలదు, మనుష్యునకు గలది గౌరవము. దేహమును పరుల భోగమునకు కిరాయి కిచ్చుట తన్ను తాను వస్తువుగా జేసికొనుట యని ఆయన తలంపు. ఇష్టలింగమును ధరించు దేహమును పవిత్రముగా నెంచు మనకు ఇది క్రొత్త మాట గాదు.

అయితే ఈ వాదము లోకవ్యవహారమునకు వచ్చునప్పటికి భారమంతయు స్త్రీ తలమీదనే పడుచున్నది. కొన్నవాని నెవరును అడుగరు. ఇంగ్లండున 1860 తరువాతి అంటురోగ చట్టములు వేశ్యలను నిర్బంధముగా వైద్యపరీక్షకు గురిచేసెను. పురుషుని జోలికి పోలేదు. 1868లో అట్టి చట్టమే మన దేశమునకును వచ్చెను. 1871లో జాన్ స్టూవర్టు మిల్లు విచారణ సంఘము ఎదుట సాక్ష్యమిచ్చుచు, నిరపరాధయగు ఇల్లాలికి రోగము నంటించువాడు భర్తయే గదా, చట్టము వానిని విడిచి వేశ్యను పట్టుకొనుట ఏమి న్యాయమని వాదించెను. వాదము సూటియైనది.

ఇష్టపడి చేయుచున్నది గదా యను మాట ఒకటి కలదు. తెలంగాణమున జోగినిగా విడువబడిన పసిబాలికకు ఇష్టమెక్కడిది? దేవత పేరు చెప్పి ఊరి పెద్దలు చేసిన పని యది! ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో దానిని నిషేధించు చట్టము చేసెను. వయస్సు వచ్చి తెలిసి ఒప్పుకొన్న స్త్రీ విషయము వేరు. అక్కడను ఆకలికిని ఇష్టమునకును నడుమ గీత గీయుట సులభము గాదు. పోలీసులు ఇట్టి స్త్రీలను తిట్టక, కొట్టక, గౌరవముతో చూడవలెనని సుప్రీంకోర్టు 2022 మే 19న ఆదేశించెను.

కావున వృత్తి వేరు, వ్యక్తి వేరు. ఆ వృత్తి కాయకము గాదని నా నిశ్చయము. ఆమె మాత్రము శరణురాలే. శరణులు ఆమె వచనమును దాచిరి, పేరులోని ఆ మాటను కొట్టివేయలేదు. మన గృహములలో కుమార్తెలకు శీలము బోధించునంత శ్రద్ధతో కుమారులకు ఈ సంగతి చెప్పువారు తక్కువ. మఠములకును ఇందు పని గలదు. అట్టి స్త్రీ గాని, ఆమె బిడ్డ గాని లింగధారణ కోరి వచ్చినప్పుడు వృత్తి విడిచి రమ్మని చెప్పుట సులభము. విడిచిన మరునాడు ఆమెకు కూడెక్కడ, నీడెక్కడ అన్నది దాసోహమునకు సంబంధించిన ప్రశ్న.