మా రోజుల్లో అయితే...



"మా రోజుల్లో అయితే..." అని పెద్దలు మొదలుపెట్టగానే పిల్లలు మెల్లగా లేచి వెళ్ళిపోతారు. ప్రతి ఇంటా ఉన్నదే ఇది. ఈ వారం ఆ మాట గురించే ఆలోచిద్దాం.

2023 మే 31న 'మోసగాళ్ళకు మోసగాడు' సినిమాను మళ్ళీ థియేటర్లలో విడుదల చేశారు. గుర్రం, టోపీ, తుపాకి, రాజస్థాన్ ఎడారి! 1971లో తెలుగువారికి కౌబాయ్‌ని పరిచయం చేసిన చిత్రమది. కథానాయకుడు కృష్ణ అంతకు ముందు నవంబరులో మరణించారు. మే 31 ఆయన పుట్టినరోజు. ఆ రోజు థియేటరుకు వెళ్ళిన తల నెరిసినవారు కథ తెలియక వెళ్ళలేదు. తమ యౌవనాన్ని మరొకసారి చూసుకోవడానికి వెళ్ళారు.

అమెరికాలో ఇటువంటి అభిమానమే 'బొనాంజా' అనే టెలివిజన్ సీరియల్ మీద ఉంది. అది 1959 నుండి 1973 వరకు నడిచింది. నెవాడా రాష్ట్రంలో వందలాది పశువులను మేపే ఒక కుటుంబం కథ అది. తండ్రి బెన్ కార్ట్‌రైట్. కొడుకులు ఆడమ్, హాస్, జో. ముగ్గురికీ తల్లులు వేరు, ముగ్గురు తల్లులూ చనిపోయారు. అన్నదమ్ములు పోట్లాడుకుంటారు, కాని ఇంటికి ఆపద వస్తే నలుగురూ ఒక్కటవుతారు. చాలా ఏళ్ళు ఆదివారం రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని దానిని చూసేవారు. 1987-88లో మన దేశంలో ఆదివారం ఉదయం 'రామాయణం' కోసం ఇరుగుపొరుగు ఒకే టీవీ ముందు చేరినట్టు!

ఈ బెంగ మంచిదా, చెడ్డదా? ఇంగ్లీషులో దీనిని 'నోస్టాల్జియా' అంటారు. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్యుడు రెండు గ్రీకు మాటలు కలిపి ఈ పదాన్ని కల్పించాడు. ఒక మాటకు ఇంటికి తిరిగి రావడం అని, రెండవదానికి నొప్పి అని అర్థం. ఇల్లు వదిలి దూరదేశంలో ఉన్నవారికి పట్టే జబ్బుగా ఆయన దీనిని వర్ణించాడు. అంటే పాత సీరియల్‌ను తలచుకుని నిట్టూర్చేవాడికి కావలసింది ఆ గుర్రాలు కావు. తండ్రీ కొడుకులు ఒకే బల్ల దగ్గర కూర్చునే ఇల్లు. ఆ ఆకలిని మనలో పెట్టినవాడు దేవుడే.

అయితే జ్ఞాపకం మోసం కూడా చేస్తుంది. 'బొనాంజా' అంటే గనిలో తగిలే గొప్ప ఖనిజపు పొర. గుడుపల్లె వారికి గని గురించి వేరే చెప్పాలా? బిసానత్తం, చిగరగుంట మన దగ్గరే, కోలారు గనులు పక్కనే. టన్ను రాయిని పిండి చేస్తే దక్కేది కొన్ని గ్రాముల బంగారం. మిగిలినది గుట్టలై కె.జి.ఎఫ్.లో నేటికీ కనబడుతుంది. 2001 ఫిబ్రవరి 28న మూతపడిన ఆ గనులను తలచుకునేవారు నెలనెలా వచ్చిన జీతాన్ని తలచుకుంటారు. ఊపిరితిత్తుల్లో చేరిన రాతి దుమ్మును మరచిపోతారు.

ఎడారిలో యిస్రాయేలీయులు చేసిందీ ఇదే. ఐగుప్తులో ఉచితంగా తిన్న చేపలు, దోసకాయలు, ఉల్లి, వెల్లుల్లి గుర్తుకు వచ్చి ఏడ్చారు (సంఖ్యా 11:5). ఉచితమట! దానికి చెల్లించిన వెల తమ స్వేచ్ఛ అన్న సంగతి మరచిపోయారు. చేతిలో ఉన్న మన్నా చేదయింది. పాత రోజులే ఎందుకు మంచివి అని అడగడం వివేకం కాదని ఉపదేశకుడు హెచ్చరించాడు (7:10).

బైబులులోనూ పశువులు కాసే కుటుంబం ఒకటి ఉంది. యాకోబుకు పన్నెండుగురు కొడుకులు, వారికి నలుగురు తల్లులు. ఆ ఇంటి అసూయను, అబద్ధాన్ని పవిత్ర గ్రంథం దాచలేదు. సీరియల్‌లో గొడవ గంటలో తీరిపోతుంది. యోసేపును అన్నలు అమ్మినప్పుడు అతని వయస్సు పదిహేడు. ఫరో ముందు నిలిచినప్పుడు ముప్పయి. ఏడేళ్ళ పంట, రెండేళ్ళ కరువు గడిచాక అన్నలను కౌగిలించుకున్నాడు. లెక్క వేయండి: సుమారు ఇరవై రెండేళ్ళు!

మరొక తేడా కూడా ఉంది. ఆడమ్ పాత్రధారి 1965లో సీరియల్ వదిలి వెళ్ళాడు. హాస్ పాత్రధారి 1972లో మరణించాడు. కొన్ని నెలలకే సీరియల్ ఆగిపోయింది. కుటుంబాన్ని అలా ఆపివేయలేము. కొడుకు గుడుపల్లె స్టేషనులో బెంగుళూరు రైలు ఎక్కి వెళ్ళిపోయినా తండ్రి తండ్రిగానే ఉండాలి. తెల్లవారకముందే ఆవుల పాలు పితికి డెయిరీకి పోసే ఆ తండ్రి, "మా రోజుల్లో కొడుకులు తండ్రి మాట దాటేవారు కాదు" అని అందరి ముందు అంటాడు. ఆ మాట విన్న కొడుకు పండుగకు కూడా రాడు. పాత రోజులు అప్పుడు జ్ఞాపకంగా ఉండవు, కర్రగా మారతాయి.

పునీత అగుస్తీను బోధించినట్టు, గతం ఎక్కడో లేదు. జ్ఞాపకంగా ఇప్పుడు మన ఆత్మలోనే ఉంది. దానితో ఏమి చేస్తామన్నది నేటి మన బాధ్యత. ఎలా జ్ఞాపకం చేసుకోవాలో దివ్యబలిపూజ నేర్పుతుంది. పీఠం వద్ద మనం ప్రభువు ప్రేమను స్మరిస్తాము. ఆయన అప్పగింపబడిన రాత్రినే స్మరిస్తాము. ద్రోహాన్ని దాచము. అయినా ఆ స్మరణ ఫిర్యాదు కాదు, కృతజ్ఞతాస్తుతి.

కనుక ఈ ఆదివారం పూజ ముగిసి ఇంటికి వెళ్ళాక టీవీ ఆపి, అందరూ కలిసి భోజనానికి కూర్చోండి. పెద్దలారా, మీ రోజుల్లోని ఒక మంచిని, ఒక కష్టాన్ని కూడా పిల్లలకు చెప్పండి. తరువాత వారి రోజులు ఎలా ఉన్నాయో అడిగి, మధ్యలో అడ్డు తగలకుండా వినండి. పిల్లలారా, లేచి వెళ్ళకండి. తాతగారి మాటల్లో రాయి చాలా ఉండవచ్చు, బంగారమూ ఉంటుంది.

మాట్లాడుకోవడం మానేసినవారు ఇంట్లో ఉంటే, ముందు ఎవరు ఫోను చేయాలి? తప్పిపోయిన కుమారుని కథలో కొడుకు దూరాన ఉండగానే పరుగెత్తి ఎదురు వెళ్ళినవాడు తండ్రి (లూకా 15:20). పెద్దరికం అంటే అదే.