షిఫ్టు ఉద్యోగంతో సర్వర్ పరీక్ష రాయగలనా?

ప్రశ్న: విమానాశ్రయంలో షిఫ్టు ఉద్యోగం చేస్తున్నాను. సర్వర్ అడ్మిన్ సర్టిఫికేషన్ రాయాలని ఉంది. రోజూ అమీర్‌పేట కోచింగ్‌కు వెళ్లలేను. పాత ఎంసీఎస్ఏ పుస్తకాలున్నాయి, పనికొస్తాయా?
– ఒక పాఠకుడు, శంషాబాద్

జవాబు: ఆ పుస్తకాలు పక్కన పెట్టండి. ఎంసీఎస్ఏను మైక్రోసాఫ్ట్ 2021 జనవరిలోనే ఆపేసింది. నేనైతే రెడ్ హ్యాట్ వారి లినక్స్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్ఏ రాయమంటాను. అందులో ఆప్షన్లకు టిక్కులు పెట్టడం ఉండదు. సిస్టమ్ ముందు కూర్చుని పని చేసి చూపించాలి. 300 మార్కులకు 210 రావాలి. బట్టీ పట్టినవాళ్లు అక్కడ నిలవలేరు. బయటికి లీకైన ప్రశ్నల డంపుల జోలికి అసలు పోవద్దు, అది నిబంధనలకు విరుద్ధం.

అమీర్‌పేట వెళ్లలేనని దిగులు వద్దు. ఇంట్లో లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, ఉచితంగా దొరికే రాకీ లినక్స్‌తో రెండు వర్చువల్ మెషీన్లు పెట్టుకోండి. యూజర్లు, ఎల్‌వీఎం, ఫైర్‌వాల్, ఎస్ఈలినక్స్... అన్నీ చెడగొట్టి బాగుచేయండి. ముఖ్యమైన సంగతి: చేసిన మార్పు రీబూట్ తర్వాత కూడా నిలవాలి. డిస్కుల మౌంట్ వివరాలుండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఒక్క వరుస తప్పితే మెషీన్ సరిగా లేవకపోవచ్చు. కాబట్టి ప్రతి సాధన చివర రీబూట్ చేసి చూడండి.

నైట్ షిఫ్టు దిగగానే పుస్తకం పట్టకండి. నిద్రపోయి లేచాక గంట చాలు. ఫీజు కట్టేముందు పరీక్ష ఏ వెర్షన్ మీదో రెడ్ హ్యాట్ సైట్‌లో తప్పక చూసుకోండి.